ముహూర్తానికి రీటేక్ లేదు

పెళ్లి మండపంలో రెండు సంచులు ముఖ్యం. ఒకటి పురోహితుడిది, రెండోది ఫొటోగ్రాఫర్‌ది. మొదటి సంచిలో తమలపాకులు తగ్గితే ఏ పిల్లవాణ్నో అంగడికి పరుగెత్తించి తెప్పించుకోవచ్చు, అంతసేపూ ఇంకో మంత్రం చదువుకోవచ్చు. రెండో సంచిలో ఏది తగ్గినా మంగళసూత్రం ఆగదు. సినిమావాళ్లకు రీటేక్ ఉంది, పెళ్లికి లేదు. ఆ సంచిలోని సామాన్లలో సగం ఈ భయంలోంచే పుట్టాయి. మిగతా సగం మన ఎండ, మన జరీ, మన గట్టిమేళం పుట్టించాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చౌల్ట్రీల చుట్టూ తిరిగే ఆ సంచిని కాసేపు విప్పి చూద్దాం.

తలకిందులైన గోపురం

కెమెరా పుట్టకముందే మన పక్కన ఒక కెమెరా ఉంది. హంపి విరూపాక్షాలయంలో గర్భగుడి వెనక ఒక చీకటి గది. అక్కడి చిన్న సందులోంచి వెలుతురు దూరి, ఎదుటి గోడమీద రాజగోపురాన్ని తలకిందులుగా నిలబెడుతుంది. వెలుతురు వంకర పోదు కదా, గోపురం కొననుంచి వచ్చే కిరణం కిందికి, అడుగునుంచి వచ్చేది పైకి పడతాయి. సూది రంధ్రం కెమెరా అంటే ఇదే. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక హంపిని ఏలిన విజయనగర రాజులే పెనుకొండకు వచ్చి రాజధాని పెట్టుకున్నారు. ఇవాళ పెనుకొండ కొండకింద ఏ పెళ్లి తీసినా, కెమెరా లోపలి సెన్సార్ మీద పెళ్లికూతురు తలకిందులుగానే పడుతుంది. ఆమెను సరిగ్గా నిలబెట్టి చూపించేది లోపలున్న చిప్పు.

నీడను చూసి కొట్టే విద్య

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. వీరభద్రస్వామి గుడి నాట్యమండపం పైకప్పు మీద 16వ శతాబ్దపు రంగుల చిత్రాల్లో ద్రౌపదీ స్వయంవరం ఒకటి. మత్స్యయంత్రం కథ అందరికీ తెలిసిందే. అర్జునుడు కింద నీడను చూస్తాడు, పైనున్న చేపను కొడతాడు. మొన్నమొన్నటిదాకా మన ఫొటోగ్రాఫర్ల చేతుల్లో ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలదీ ఇదే విద్య. లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. కన్ను చూసేది ఆ అద్దంలోని ప్రతిబింబాన్ని. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, ఆ రెప్పపాటు కంటికి చీకటి. అంటే మూడుముళ్ల ఫొటో పడిన ఆ క్షణాన్ని మండపంలో అందరూ చూస్తారు, తీసినవాడు తప్ప! అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాకే ఆ లోటు తీరింది.

తల వంచి తీసిన పెళ్లిళ్లు

మీ ఇంట్లో 1970ల నాటి పెళ్లి ఫొటోలుంటే ఒకసారి తీసి చూడండి. చదరంగా ఉన్నాయా? అయితే అవి యాషికా మ్యాట్ లాంటి జంట లెన్సుల కెమెరాతో తీసినవి కావచ్చు. పై లెన్స్ చూడ్డానికి, కింది లెన్స్ తీయడానికి. ఫొటోగ్రాఫర్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలోకి చూసేవాడు. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపించేది. పెళ్లికొడుకు ఇటు జరిగితే బొమ్మ అటు జరిగేది. 120 సైజు రోల్‌లో 12 ఫొటోలే పడేవి. తర్వాత వచ్చిన 35 మిల్లీమీటర్ల రోల్‌లో 36. పెళ్లివారు అయిదు రోళ్లు కొనిస్తే మొత్తం 180 ఫొటోలు. స్నాతకం నుంచి అప్పగింతలదాకా అందులోనే సర్దుకోవాలి. 2018లో వచ్చిన సోనీ ఏ7 త్రీ సెకనుకు 10 ఫొటోలు తీస్తుంది. అప్పటి ఒక రోల్ దానికి నాలుగు సెకన్ల పని కూడా కాదు.

అన్నీ జంటలే

పెళ్లికి వధూవరులే కాదు, సామాన్లూ జంటగానే రావాలి. రెండు కెమెరా బాడీలు, రెండు ఫ్లాష్‌లు, రెండు ఛార్జర్లు. కెమెరా లోపలా ఇదే లెక్క. 2008లో వచ్చిన క్యానన్ 5డీ మార్క్ టూలో కార్డు పెట్టే గాడి ఒక్కటే. 2012 నాటి మార్క్ త్రీలో రెండయ్యాయి. రెండు గాళ్లుంటే ఒకే ఫొటో ఒకేసారి రెండు కార్డుల్లో పడుతుంది, ఒకటి చచ్చినా ఇంకోటి బతికి ఉంటుంది. ఇంటికెళ్లాక ఇంకో సూత్రం ఉంది, 3-2-1. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, వాటిలో ఒకటి స్టూడియో బయట. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. హిందూపురం స్టూడియోలో రెండు హార్డ్ డిస్కులున్నా చాలదన్నమాట. మూడోది ధర్మవరంలో బావమరిది ఇంటి బీరువాలో ఉండాలి.

షట్టరుకూ ఆయుష్షు రాసుంది

కెమెరా కొనేటప్పుడు దాని నొసటి రాత కూడా అడిగి తెలుసుకోవచ్చు. 5డీ మార్క్ టూ షట్టర్‌ను 1,50,000 సార్లు కొట్టుకునేలా పరీక్షించామని కంపెనీయే చెప్పింది. ఏ7 త్రీకి ఆ లెక్క 2,00,000. ఒక్కో పెళ్లికి 3,000 సార్లు బటన్ నొక్కే ఫొటోగ్రాఫర్ అనుకోండి. 50 పెళ్లిళ్లకు లక్షా యాభై వేలు నిండిపోతుంది. ఆ గీత దాటిన మరునాడే షట్టర్ విరగదు, కానీ అప్పటినుంచి ప్రతి పెళ్లీ బోనసే. పాత కెమెరా కొనేవాళ్లు స్కూటర్‌కు కిలోమీటర్ల రీడింగ్ చూసినట్టు షట్టర్ కౌంట్ అడిగేది ఇందుకే.

ధర్మవరం పట్టు పెట్టే పరీక్ష

ఏ ఊరి ఫొటోగ్రాఫర్‌కైనా పట్టుచీర కష్టమే. ధర్మవరం చీరైతే అసలైన పరీక్ష. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరలకు డబుల్ షేడ్ పెట్టింది పేరు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. అందుకే ఒకవైపునుంచి చూస్తే ఒక రంగు, అటువైపునుంచి చూస్తే మరో రంగు మెరుస్తుంది. నేత పనితనమంతా అక్కడే ఉంది, ఫొటోగ్రాఫర్ తిప్పలన్నీ కూడా అక్కడే. మండపానికి ఇటు అటు నిలబడి ఇద్దరు తీసిన ఫొటోలు ఆల్బంలో పక్కపక్కన పడితే, పెళ్లికూతురు మధ్యలో చీర మార్చిందా అని చుట్టాలు అడుగుతారు.

ఇక జరీ. అది అద్దంలాంటిది. ఎదురుగా ఫ్లాష్ కొడితే వెలుతురు తిన్నగా వెనక్కొచ్చి, అంచుమీది హంసలూ మామిడిపిందెలూ అన్నీ ఒకే తెల్లమచ్చ అయిపోతాయి. నేతగాడు రోజుల తరబడి కూర్చుని నేసినది సెకనులో వెయ్యో వంతులో చెరిగిపోతుంది. అందుకే ఫ్లాష్ తలను పైకప్పు వైపు తిప్పి కొడతారు. వెలుతురు అక్కడ పరుచుకుని మెత్తగా కిందికి దిగుతుంది. చౌల్ట్రీ పైకప్పు తెల్లగా ఉంటే సరే. పైన గులాబీరంగు షామియానా కట్టి ఉంటే మాత్రం వధువు, వరుడు, పురోహితుడు అందరూ గులాబీరంగులోకి మారిపోతారు!

దోమతెర మీద దోమతెర

పట్టుచీర ఫొటోలో లేని చారలు, వానవిల్లు అలలు కనిపించాయా? అది చీర తప్పూ కాదు, ప్రింటు తప్పూ కాదు. రెండు దోమతెరలను ఒకదానిమీద ఒకటి వేసి కొంచెం కదిలించండి, లేని అలలు కనబడతాయి. సన్నని నేత ఒక తెర, సెన్సార్ మీది చుక్కల వరస ఇంకో తెర. రెండూ కలిసినచోట ఈ మాయ పుడుతుంది. దీన్ని మొయిరే అంటారు. ఆ పేరు వచ్చింది కూడా అలల మెరుపుండే ఒక రకం పట్టుబట్ట నుంచే. దీన్ని తగ్గించడానికే కెమెరా కంపెనీలు సెన్సార్ ముందు బొమ్మను కాస్త మసకబార్చే ఫిల్టర్ పెట్టేవి. 2014 నాటి నికాన్ డీ810 లాంటి కెమెరాల్లో స్పష్టత కోసం దాన్ని తీసేశారు. మందు తేలికే. ఒక అడుగు ముందుకో వెనక్కో వేసి తీస్తే చాలు.

తెల్లపంచె మోసం

కెమెరాలోని వెలుతురు మీటరుకు పెళ్లి తెలియదు, పంచె తెలియదు. ఎదురుగా ఏది పెట్టినా సగటున బూడిదరంగులో ఉంటుందనుకుంటుంది. పెళ్లికొడుకు తెల్లపంచె, తెల్లకండువా ఫ్రేము నిండా వస్తే వెలుతురు ఎక్కువైపోయిందనుకుని తగ్గించేస్తుంది. పంచె మాసినట్టు, ముఖం నల్లబడినట్టు పడతాయి. అనుభవమున్నవాడు మీటరు మాట వినకుండా ఒక మెట్టు పెంచుతాడు.

ఇంకో సంగతి. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే కార్డుల మీద తెల్లజాతి యువతుల ఫొటోలుండేవి. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆ చర్మం సరిగ్గా వస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే. చామనఛాయ, నలుపు ముఖాల్లో వివరం పోతోందన్న గోల ఎంత ఉన్నా చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్ల కంపెనీలు, కొయ్య ఫర్నిచర్ కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాకే ఫిల్మ్ మారిందని అక్కడ పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. పాత ఆల్బంలో మీ తాతయ్య మరీ నల్లగా ఉంటే, ఆ నలుపులో కొంత ఫిల్మ్‌ది.

వెనక వరస మేనమామలు

గ్రూప్ ఫొటోలో ముందు కూర్చున్న పిల్లలు తెల్లగా, వెనక నిలబడ్డ మేనమామలు చీకట్లో ఎందుకుంటారు? ఫ్లాష్ వెలుతురు దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా చచ్చిపోతుంది. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగోవంతే. ముందు వరస 2 మీటర్ల దూరంలో, వెనక వరస 4 మీటర్ల దూరంలో ఉంటే మేనమామలకు దక్కేది పిల్లల వాటాలో పావు. ఫొటోగ్రాఫర్ నాలుగు మీటర్లు వెనక్కి జరిగాడనుకోండి, దూరాలు 6, 8 మీటర్లు అవుతాయి. ఇప్పుడు వెనకవాళ్లకు సగం కంటే ఎక్కువే అందుతుంది. కాకపోతే అందుకు బలమైన ఫ్లాష్ కావాలి. ఒకప్పుడు పెద్ద స్టూడియోలవాళ్లు సుత్తిలాంటి పిడితో మోసుకొచ్చిన మెట్జ్ 45 ఫ్లాష్ అలాంటిది. ఆ పేరులోని 45 దాని బలం. 100 స్పీడ్ ఫిల్మ్ వేసి, 45ను లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకెతో భాగిస్తే ఫ్లాష్ ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది. అంకె 8 అయితే అయిదున్నర మీటర్ల పైచిలుకు. పెళ్లి పందిట్లో నోటిలెక్కతో ఎక్కం అప్పజెప్పినట్టే.

తలంబ్రాలు గాల్లో ఆగేదెలా?

తలంబ్రాలను తలమీదినుంచి వదిలితే అర మీటరు పడేసరికే సెకనుకు మూడు మీటర్ల వేగం అందుకుంటాయి. సెకనులో 60వ వంతు షట్టర్‌తో తీస్తే ఒక్కో గింజ అయిదు సెంటీమీటర్ల గీత అవుతుంది. 500వ వంతుకు పెంచితే ఆరు మిల్లీమీటర్లు, బియ్యపుగింజ పొడవంత. అయినా గింజ గింజలా కనబడదు. అప్పుడు ఫ్లాష్ ఆదుకుంటుంది. తక్కువ బలంతో కొట్టినప్పుడు దాని మెరుపు సెకనులో పదివేలో వంతులో ముగిసిపోతుంది. ఆ లోపల గింజ కదిలేది మిల్లీమీటరులో మూడోవంతు. పసుపు పూసిన గింజలన్నీ దండలో గుచ్చినట్టు గాల్లో నిలిచిపోతాయి. ఫొటో తర్వాతి సంగతి ఎవరూ చూడరు. లెన్స్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగులోంచి ఫొటోగ్రాఫర్ వారంపాటు బియ్యం దులుపుకుంటూనే ఉంటాడు.

తెర తీసే వేళ

జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర ఉంటుంది కదా, అది దిగగానే ఒకరినొకరు చూసుకునే చూపు ఒక సెకను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి ఒక కెమెరాకు ఒక ముఖమే దొరుకుతుంది. తెరకు చెరోపక్క ఒక్కో ఫొటోగ్రాఫర్ ఉండాల్సిందే. పీటల చుట్టూ చుట్టాలు మూగుతారు కనుక దూరంనుంచి దగ్గరికి లాగే 70-200 లెన్స్ ఒకరి చేతిలో, దగ్గర నిలబడే వాడికి 24-70 లెన్స్. ఇంకా వెడల్పు లెన్స్ పెడితే ఫ్రేము అంచున నిలబడ్డవాళ్లు సాగిపోతారు. పెళ్లి మొత్తానికీ అంచున నిల్చున్న అత్తగారు లావుగా పడితే ఆ ఆల్బంకు బాకీ వసూలు కావడం కష్టం! లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకెలదీ చిత్రమైన లెక్క. 2.8లో 1.4 సగం, కానీ లోపలికొచ్చే వెలుతురు నాలుగింతలు. తెల్లవారుజాము ముహూర్తాల్లో ఆ నాలుగింతలకే డబ్బు పోస్తారు.

యాభై లెక్క

మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ట్యూబులైటు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అందుకే ఇక్కడ వీడియో తీసేవాళ్లు షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గరో 100వ వంతు దగ్గరో పెట్టుకుంటారు. అమెరికాలో కరెంటు లెక్క 60. డల్లాస్ నుంచి చెల్లెలి పెళ్లికి వచ్చిన అన్నయ్య, అక్కడి సెట్టింగుతోనే తన ఖరీదైన కెమెరాలో వీడియో తీస్తే మండపమంతా వణుకుతున్నట్టు వస్తుంది. కెమెరా బాగానే ఉంది, కరెంటే వేరు. స్టేజి వెనక పెట్టే ఎల్ఈడీ వాల్‌కు ఇంకో లయ. దానిమీద నల్లచారలు పాకితే షట్టర్‌ను కాస్త కాస్త మారుస్తూ ఆ లయను పట్టుకోవాలి.

ఇరవైతొమ్మిది నిమిషాల యాభైతొమ్మిది సెకన్లు

చాలా ఫొటో కెమెరాలు వీడియో తీస్తూ తీస్తూ అరగంటకు ఒక్క సెకను ముందు టక్కున ఆగిపోయేవి. చెడిపోయి కాదు, పన్ను కోసం. అరగంట, ఆపైన ఏకబిగిన రికార్డు చేసేదాన్ని ఐరోపా కస్టమ్స్‌వాళ్లు వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు. అక్కడి సుంకం తప్పించుకోవడానికి పెట్టిన ఆ గీత, ఇక్కడ మన కల్యాణమండపాల దాకా వచ్చింది. 5డీ మార్క్ టూ సంగతి ఇంకా ఘోరం. ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పన్నెండు నిమిషాలకే చేతులెత్తేసేది. అందుకే పాతకాపులు పురోహితుడి చేతిలోకి మంగళసూత్రం రాగానే రికార్డింగ్ ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ అలవాటు కొందరికి ఇంకా పోలేదు.

గట్టిమేళం దెబ్బ

ఏ అశుభపు మాటా చెవిన పడకూడదని ముహూర్తానికి గట్టిమేళం మోగిస్తారు. పురోహితుడి చెయ్యి లేవగానే డోలు, నాదస్వరం ఒక్కసారి విజృంభిస్తాయి. ఫొటోగ్రాఫర్‌కు అంతకు మించిన సైగ లేదు. వీడియోవాడి మైకుకు మాత్రం అదే గండం. అప్పటిదాకా మంత్రాల మెల్లని గొంతుకోసం దాని చెవులు పూర్తిగా తెరిచి ఉంటాయి. డిజిటల్ శబ్దానికి సున్నా దగ్గర పైకప్పు ఉంది. దాన్ని దాటిన శబ్దం గరగరమని చీలిపోతుంది, తర్వాత ఏ మిక్సింగ్‌లోనూ అతకదు. మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ముల్లు ఆడేలా ముందే తగ్గించుకునేవాడు గెలుస్తాడు.

నలభై దాటితే

క్యానన్, సోనీ కంపెనీల మాన్యువల్ చివరి పేజీల్లో చాలా మోడళ్లకు ఒక గీత ఉంటుంది. 0 నుంచి 40 డిగ్రీల వేడిలోనే వాడాలట. మన సీమలో మే నెల ముహూర్తాలకు ఈ మాట చెప్పి చూడండి! 4కే వీడియో తీసేటప్పుడు లోపలి చిప్పు పుట్టించే వేడి ఒకటి, ఎండ ఒకటి. స్క్రీన్ మీద ఎర్ర థర్మామీటరు బొమ్మ వెలిగిందంటే కెమెరా సమ్మెకు నోటీసిచ్చినట్టే. తడిగుడ్డ కప్పడం, గొడుగు పట్టడం, రెండో బాడీకి మారడం, ఇవే మందులు.

పొడి వాతావరణం ఒక మేలు చేస్తుంది. కోస్తాలో తేమకు లెన్స్ లోపల బూజు పట్టి, సాలెగూడులా అల్లుకుంటుంది. ఇక్కడ ఆ బాధ తక్కువ. దానికి బదులు దుమ్ము. లెన్స్ మార్చేటప్పుడు కెమెరాను బోర్లా పట్టుకోవాలి, రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో ఊదకూడదు. పసుపు, కుంకుమ గాల్లో తేలే చోట ఇది మరీ ముఖ్యం. సెన్సార్ మీద కూర్చున్న ఒక్క రేణువు ఆ రోజు ఫొటోలన్నిటిలో ఒకేచోట మచ్చయి కూర్చుంటుంది.

పావుకిలోకు ఒక్క గ్రాము తక్కువ

పెళ్లి డ్రోన్లలో కొన్ని సరిగ్గా 249 గ్రాములే ఎందుకుంటాయి? 250 గ్రాముల దాకా ఉన్నవి 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నానో తరగతి. వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆపైన 2 కిలోల దాకా మైక్రో. సరదాకు ఎగరేసుకుంటే దానికీ అక్కర్లేదు, డబ్బు తీసుకుని పెళ్లికి ఎగరేస్తే కావాలి. తూకంలోనే కాదు, చోటులోనూ తేడా ఉంది. పచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరవచ్చు. విమానాశ్రయం పక్కన ఆ స్వేచ్ఛ లేదు. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మ్యాపు చూసుకుని ఎగరేయాలి. లేపాక్షి గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ప్రీ వెడ్డింగ్ షూట్ అంటూ డ్రోన్, ట్రైపాడ్, లైట్లు పట్టుకుని వెళ్లేముందు అనుమతి సంగతి చూసుకోవాలి.

కార్డు మీద చిన్న రాత

గోరంత కార్డు మీద వీ30, వీ60 అని రాసుంటుంది. సెకనుకు కనీసం అన్ని మెగాబైట్లు రాయగలనని కార్డు చేసే వాగ్దానం అది. పెద్ద అక్షరాల్లో ఉండే వేగం చాలాసార్లు చదివే వేగం. పెళ్లిలో పనికొచ్చేది రాసే వేగమే. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో అంటే నిమిషానికి 750 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. స్నాతకం, కాశీయాత్ర, జీలకర్ర బెల్లం అయ్యేసరికే కార్డు మార్చాలి. నిండిన కార్డును సంచిలో బోర్లా పెట్టడం, ఖాళీదాన్ని వెల్లకిలా పెట్టడం లాంటి గుర్తులు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

9999 తర్వాత ఏమిటి?

కెమెరా ఫొటోలకు పెట్టే నంబరులో నాలుగు అంకెలకే చోటు. 9999 అయ్యాక మళ్లీ 0001. ఈ నెల పెళ్లిలో తీసిన 0001, ఇంకో పెళ్లిలోని 0001 ఒకే ఫోల్డర్‌లో పడితే ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది. దానికి తోడు గడియారాల గొడవ. పెళ్లికి ముగ్గురు తీస్తే మూడు కెమెరాల గడియారాలు ఒకే సమయం చూపాలి. లేకపోతే కంప్యూటర్‌లో వరసపెట్టినప్పుడు మంగళసూత్రం తర్వాత గౌరీపూజ వస్తుంది! పురోహితుడు ముహూర్తానికి వాచీ చూసుకున్నట్టే వీళ్లూ మండపం మెట్లెక్కకముందే మూడు కెమెరాలను పక్కపక్కన పెట్టి టైము కలుపుకుంటారు.

చెమటలు పట్టించిన వెయ్యి వాట్లు

1976లో జపాన్‌లో పుట్టిన వీహెచ్‌ఎస్ క్యాసెట్ తర్వాతి పదేళ్లలో మన పెళ్లిళ్లలోకి వచ్చింది. మూడు గంటల టేపు. భుజం మీద పెద్ద కెమెరా, వెనక వైరు పట్టుకుని ఒక అబ్బాయి, అతని చేతిలో వెయ్యి వాట్ల హాలోజన్ లైటు. అది ముఖమ్మీద పడితే పెళ్లికూతురి బొట్టు కారిపోయేది, దండలోని పూలు వడలిపోయేవి. కరెంటు పోతే వీడియో కూడా పోయేది. తర్వాత మిక్సింగ్‌లో గుండె ఆకారంలో వధూవరులు, వెనక సినిమా పాట. ఇవాళ ఎల్ఈడీ ప్యానెల్ దాదాపు అయిదోవంతు కరెంటుతో, చేతికి వేడి తగలకుండా అంత వెలుతురునూ ఇస్తుంది. ఆ క్యాసెట్లు ఇంకా అటకమీదుంటే త్వరగా డిజిటల్ చేయించండి. వీసీఆర్‌ల తయారీ 2016తోనే ఆగిపోయింది.

రాణిగారికీ దక్కని పెళ్లి ఫొటో

బ్రిటన్ రాణి విక్టోరియా పెళ్లి 1840 ఫిబ్రవరిలో. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది అంతకు ముందు ఏడాదే. ఆ పెళ్లికి ఫొటోగ్రాఫర్ లేడు. పెళ్లి ఫొటోగా చెలామణీ అవుతున్న విక్టోరియా, ఆల్బర్ట్‌ల బొమ్మ 1854 నాటిది. అప్పటికి వాళ్లకు ఎనిమిదిమంది పిల్లలు!

మన దగ్గర హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటోలు తీసేది కూడా మహిళే. పెళ్లికూతురి అలంకరణ గదికి ఆడ ఫొటోగ్రాఫర్ కావాలని ఇవాళ అడిగేవాళ్లున్నారు. అది కొత్త కోరిక అనుకుంటే పొరపాటు.

మూడడుగుల పేజీ

ఆల్బంలో బాగా అడిగే సైజు 12x36. ఎత్తు అడుగు, విప్పితే వెడల్పు మూడడుగులు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా ఉండేవి 6,000 చుక్కలు. మూడడుగులకు పరిస్తే అంగుళానికి 167 వస్తాయి. మంచి ప్రింటుకు 300 కావాలంటారు. అయినా ఎవరికీ తేడా తెలియదు, అంత పెద్ద ఆల్బంను ఒళ్లో పెట్టుకుని చేయి చాపినంత దూరంనుంచే చూస్తాం కాబట్టి.

ఆ మాటకొస్తే మన దగ్గర అన్నిటికన్నా పెద్ద పెళ్లి ఆల్బం లేపాక్షిలో ఉంది. పైకప్పు చిత్రాల్లో చెలికత్తెలు పార్వతిని పెళ్లికూతురిని చేస్తున్నారు, నేటి అలంకరణ గది ఫొటోల్లో ఉన్నట్టే. వాళ్ల చీరల మీది అంచులు, చుక్కలు, పూలు చూసి ఇప్పటికీ ధర్మవరం మగ్గాల మీద డిజైన్లు నేస్తారు. బయట శివపార్వతుల కల్యాణమండపం. ఒక్కో స్తంభం మీద ఒక్కో అతిథి, పెళ్లికొచ్చిన దేవతలు, మునులు. రాతిలో గ్రూప్ ఫొటో అన్నమాట. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నిందకు, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, అందుకే పని సగంలో ఆగిందని ఊళ్లో చెప్పుకుంటారు. అయిదొందల ఏళ్లు కావస్తోంది. ఆ మండపానికి పైకప్పు పడలేదు. పెళ్లికొచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ ఇంతవరకు ఫ్రేములోంచి కదల్లేదు.